బెజవాడనుండి మెట్టపల్లెలకు: ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము, దాని మండల శాఖలు

గ్రంథాలయోద్యమ చరిత్రను వ్రాయువారు సాధారణముగ మహనీయుల పేర్లతో ఆరంభింతురు. అది న్యాయమే. కాని ఒక ప్రశ్న ఆ చరిత్రలలో తరచుగ మరుగుపడుచున్నది. బెజవాడలో పెద్దలు కూర్చుండి ఒక తీర్మానము చేసిరి; ఆ తీర్మానము రైలు నిలువని ఊరికి, వానకాలమున బండిచక్రము కదలని రేగడి పల్లెకు ఎట్లు చేరెను? చేరిన పిమ్మట ఆ పల్లెవారు దూరముననున్న ఆ సంఘమును తమదిగ ఎంచుకొనిరా, లేక వచ్చిన కాగితమును దూలమున దోపి మరచిరా? మార్టూరు వంటి గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచిన సందర్భమున ఈ ప్రశ్నను విచారించుట అప్రస్తుతము కాదు.

ఆంధ్రదేశమున గ్రంథాలయములు సంఘముకంటె ముందు పుట్టినవి. విశాఖపట్టణమున 1886లో ఒకటి నెలకొనెను. భీమవరమునకు చేరువనున్న కుముదవల్లియను పల్లెలో 1897లో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయము వెలసెను. రాజమహేంద్రవరమున 1898లో వసురాయ గ్రంథాలయము, హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడెను. వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క ద్వీపము. కుముదవల్లివారు ఏ పుస్తకములు తెప్పించిరో హనుమకొండవారికి తెలియదు. ఒకచోట నిర్వాహకుడు మరణించి తలుపులు మూతపడినను, పొరుగుతాలూకావారికి ఆ వార్త అందదు. ఒక్కరి ఉత్సాహముపై నిలిచిన సంస్థ ఆ ఒక్కరితోనే పోవుట ఆనాడు పరిపాటి.

ఈ ద్వీపములకు వంతెన కట్టవలెనను తలపు బెజవాడ రామమోహన గ్రంథాలయమున పనిచేయుచున్న అయ్యంకి వెంకటరమణయ్యకు కలిగెను. ఆయన 1890లో గోదావరి మండలమందలి కొంకుదురున జన్మించెను. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభ జరిగినప్పుడు అయ్యంకి వయస్సు ఇంకను ఇరువదినాలుగు నిండలేదు. ఆ సభనుండియే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. ఒక భాషాప్రాంతమునకంతటికి చెందిన గ్రంథాలయ సంఘములలో భారతదేశమున ఇదియే మొదటిదని చెప్పుదురు. వంగదేశపు సంఘము 1925లోను, మద్రాసు గ్రంథాలయ సంఘము 1928లోను తరువాత వచ్చినవి.

ఇచట ఒక మాట. ఆ దినములలో పుస్తకశాలకు గ్రంథభాండాగారమను పేరే ఎక్కువ వాడుకలో నుండెను. భాండాగారమనగా ధనమును దాచు కొట్టు. దానికి తాళము ముఖ్యము. ఉద్యమము ముదిరినకొలది గ్రంథాలయమను మాట దాని స్థానమును ఆక్రమించెను. ఆలయమునకు తలుపు తెరచియుండుట ముఖ్యము. పేరు మారినంతమాత్రమున బుద్ధి మారదందురు కాని, ఈ విషయమున పేరును బుద్ధియు ఇంచుమించు కలిసియే మారినవి.

అమెరికా దేశమున 1876లోను, ఇంగ్లండున 1877లోను గ్రంథాలయ సంఘములు స్థాపింపబడెను. అవి ప్రధానముగ గ్రంథాలయోద్యోగుల సంఘములు. జీతము పుచ్చుకొని ఆ వృత్తి చేయువారు కలిసికొని తమ పద్ధతులను చర్చించుకొనుటకు, తమ విద్యను పెంచుకొనుటకు ఏర్పరచుకొన్నవి. ఆంధ్రదేశమున 1914లో అట్టి ఉద్యోగులు ఎందరుండిరి? వేళ్ళపై లెక్కింపవచ్చును. పల్లెలో పుస్తకములిచ్చువాడు బడిపంతులో, కరణమో, వ్యవసాయము చేసికొను యువకుడో. సాయంత్రము దీపము వెలిగించి రెండు గంటలు కూర్చుండువాడు. కనుక ఈ సంఘమునకు సభ్యుని చేర్చుకొనుటయనగా ఒక వృత్తివానిని చేర్చుకొనుట కాదు. ఒక ఊరిని చేర్చుకొనుట. సంఘపు కష్టమంతయు, దాని గొప్పయంతయు ఇందులోనే యున్నది.

ఊరిని చేర్చుకొనుటకు మొదటి సాధనము పత్రిక. 1915లో అయ్యంకి 'గ్రంథాలయ సర్వస్వము'ను ఆరంభించెను. గ్రంథాలయములకొరకే నడచిన పత్రిక తెలుగున అదియే తొలిది. ఒక పల్లె గ్రంథాలయపు వార్త అచ్చులో కనబడినప్పుడు ఆ పల్లెవారికి కలుగు ఉబ్బు ఎట్టిదో ఊహింపవచ్చును. అంతకుముందు ఆ ఊరిపేరు కోర్టు నోటీసులలోనే అచ్చుపడియుండును. అయితే పత్రిక చదువగలవారికి, తెప్పించుకొనగలవారికి మాత్రమే అందును. అది పలుమారులు ఆగి, పలుమారులు మరల నడచినది కూడ. కేవలము పత్రికను నమ్ముకొన్నయెడల సంఘము పట్టణములు దాటెడిది కాదు.

రెండవ సాధనము కాళ్ళు. గ్రంథాలయ యాత్రలను పేర కార్యకర్తలు ఊరూర తిరిగిరి. నడచిరి, బండ్లపై పోయిరి, కాలువలున్నచోట పడవలెక్కిరి. ఊరిలో పెద్దలను కలిసికొని, రచ్చబండకడ మాటలాడి, గ్రంథాలయము లేనిచోట పెట్టుడని, ఉన్నచోట పుస్తకములు పంచుడని చెప్పిరి. తీర్థయాత్రయందు ఊరు దేవునికడకు పోవును. ఇందు గ్రంథాలయమే ఊరికడకు వచ్చెను. పల్లెకు వెలుపలినుండి వచ్చువారు సామాన్యముగ శిస్తుకో, జప్తుకో, ఓటుకో వత్తురు. ఏమియు అడుగక, చదువుకొనుడని మాత్రము చెప్పి, పెట్టినది తిని, పొరుగూరికి సాగిపోవు మనుష్యులను జనము వింతగ చూచినది, పిదప నమ్మినది.

శ్రీమద్రామాయణమున సుగ్రీవుడు సీతాన్వేషణమునకై వానరులను పంపిన ఘట్టము ఇట్టి సంఘములకు పాఠ్యముగ నుండదగినది. తూర్పునకు వినతుని, పడమటికి సుషేణుని, ఉత్తరమునకు శతబలిని, దక్షిణమునకు అంగద హనుమదాదులను పంపి, ప్రతివారికి వారి దిక్కునందలి నదులను, కొండలను, ప్రజలను ముందుగ వర్ణించి చెప్పెను. ఒక్క ఉత్తరువునే నాలుగు ప్రతులు వ్రాయించి పంపలేదు. నెలలోపల రావలెనని గడువు పెట్టగా, మువ్వురు గడువులోనే వట్టిచేతులతో తిరిగివచ్చిరి. గడువు మీరినవారే కార్యము సాధించిరి. లెక్కల పుస్తకము మాత్రము చూచు అధికారి దక్షిణదిక్కువారికి సంజాయిషీ నోటీసు పంపియుండును!

ఈ దిక్కుల విభజనయే మండల సంఘములకు మూలము. ఆనాటి వ్రాతలలో మండలమనగా జిల్లాయని నేటి చదువరులు గ్రహింపవలెను. 1985లో ఏర్పడిన చిన్న మండలము కాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి వంటి మండలములలో కేంద్రసంఘమునకు అంగములుగ మండల సంఘములు పనిచేసినవి. వాని అవసరము పత్తిమిరపల నేలలో నివసించువారికి విప్పిచెప్పనక్కరలేదు. బెజవాడ కచేరీలోనివాడు చందా పంపుడని ఆషాఢమున జాబు వ్రాసినచో, మెట్టరైతు చేతిలో విత్తనపు అప్పు తప్ప వేరేమియు నుండదు. అదే మాటను మిరపపండ్లు కల్లమున ఎండి, టిక్కీలు కట్టి బండికెక్కించిన పిమ్మట అడిగినచో రూపాయికి రెండు రూపాయలు వచ్చును. డెల్టాలో వరికోత వేళ వేరు. పొగాకు ఊళ్ళ వేళ వేరు. ఈ భేదము కేంద్రమునకు తెలియదు, తెలియలేదని నిందించుటయు తగదు. పొరుగుతాలూకా మనిషికి అది అడుగకయే తెలియును. మండల శాఖ చేయవలసిన పని కేంద్రపు జాబులను క్రిందికి దింపుట మాత్రమే కాదు. ఊరి వేళను కేంద్రమునకు నేర్పుట.

ఈ ప్రాంతమునకు అట్టి పొరుగు మనిషివలె నిలిచినది వేటపాలెమందలి సారస్వత నికేతనము. చేనేతవారి ఊరైన వేటపాలెమున 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయశ్రేష్ఠి దానిని స్థాపించెను. 1929లో మహాత్మాగాంధి అచటి భవనమునకు శంకుస్థాపన చేసెను; ఆయన చేతికర్ర అచట నేటికిని భద్రముగ నున్నది. కాని శిలాఫలకములకంటె గొప్ప విషయము మరియొకటి కలదు. ఇతరులు చిత్తుకాగితములుగ అమ్మివేసిన పాత తెలుగు పత్రికలను వారు సంవత్సరములవారీగ కట్టలు కట్టి దాచిరి. ఈనాడు విశ్వవిద్యాలయ పరిశోధకులు, విదేశీయులైన విద్వాంసులు కూడ ఆ కట్టలకై ఒక చిన్న ఊరు వెదకికొని వచ్చుచున్నారు. చెన్నపురికి పోవు రైలుమార్గముపై వేటపాలెముండుట, కలకత్తాకు పోవు పెద్దబాటపై మార్టూరుండుట యాదృచ్ఛికము కావచ్చును. ఏమైనను ఒక పెద్ద గ్రంథాలయము చేరువనుండుట చుట్టుపట్ల పల్లెలకు కలిగించు ధైర్యము, దూరపు కచేరీ పంపు నూరు సర్క్యులర్లు కలిగింపవు.

కేంద్రసంఘము తన మండలములతోనే తృప్తిపడక దేశమంతటికిని చేయి చాచెను. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిలభారత గ్రంథాలయ మహాసభను జరిపించెను. బరోడా సంస్థానపు గ్రంథాలయాధికారి జె. ఎస్. కుడాల్కరు అధ్యక్షుడు. బరోడా ఆ కాలమున దేశమునకు ఒరవడి; మహారాజు శాయాజీరావు గాయిక్వాడు 1910లో అమెరికానుండి బోర్డెను అను నిపుణుని రప్పించి, పట్టణమునుండి పల్లెవరకు గ్రంథాలయములను నెలకొల్పి, పెట్టెలలో పుస్తకములు పెట్టి ఊరూర త్రిప్పు పద్ధతిని అమలుపరచెను. నవంబరు 14వ తేదీననే నేటి జాతీయ గ్రంథాలయ వారోత్సవములు మొదలగుచున్నవి. తెలుగువారు తలపెట్టిన సభ తేదీ దేశమునకంతటికి పండుగ దినమగుట సంతోషింపదగినదే.

కాని ఆ అఖిలభారత సంస్థ కథ మండల శాఖల విలువను తిరుగవేసి చూపును. దాని మహాసభలు పలుమారులు కాంగ్రెసు మహాసభలు జరుగు పట్టణములలోనే జరిగినవి. జనమునకు లోటు లేదు. వేరొక పనిమీద వచ్చిన జనము అది. సభ ముగిసి డేరాలు ఎత్తివేసిన పిమ్మట, ఆ ప్రాంతమున సంస్థ పేర చందా వసూలు చేయువాడు గాని, జాబునకు బదులిచ్చువాడు గాని స్థిరముగ నిలిచినచోట్లు అరుదు. 1933లో కలకత్తాలో భారత గ్రంథాలయ సంఘము ఏర్పడిన తరువాత పాత సంస్థ పేరు క్రమముగ వెనుకబడెను. పై అంతస్తు కట్టి, క్రింద గోడలు లేపకపోయినచో జరుగునది ఇదియే. ఆంధ్రదేశ సంఘమునకు మాత్రము క్రింద గోడలుండుటచే, ఎన్ని గాలులు వీచినను అది కూలలేదు.

గాలులు మాత్రము తక్కువ వీవలేదు. 1921లో చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి తోపులలో గుడిసెలు వేసికొనిరి. 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున శిస్తు నిరాకరణోద్యమము సాగెను. గ్రామోద్యోగులు తమ ఉద్యోగములకు రాజీనామాలిచ్చిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. గ్రంథాలయము నడపు యువకుడును, ఖద్దరు కట్టి జైలునకు పోవు యువకుడును తరచుగ ఒక్కడే. అతడు పోయినప్పుడు బీగము పడెను. పాలకులకు కూడ పుస్తకశాలయనిన అనుమానము కలుగుట సహజము. నైజాము సీమలో ఆ అనుమానము మరింత కఠినముగ నుండెను. అచట గ్రంథాలయము పెట్టుట చదువుపని మాత్రమే కాక సాహసకార్యము కూడ అయ్యెను.

ఉప్పు సత్యాగ్రహము తరువాతి కాలమున సంఘమునకు మరల ఊపిరి పోసినవారిలో ఇరువురి పేర్లు చెప్పక తప్పదు. ఒకరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1908లోనే రాజద్రోహ నేరముపై శిక్ష అనుభవించిన ఆ కర్నూలు పెద్దమనిషి, 1960లో కీర్తిశేషుడగువరకు సంఘాధ్యక్షుడుగ పెక్కేండ్లు నిలిచి, గ్రంథాలయమును వయోజనవిద్యతో ముడివేసెను. చదువురానివాడు ఊరిలో సగముపైగ నున్నంతకాలము గ్రంథాలయము సగము ఊరిదేయని ఆయన పనియంతయు చెప్పుచున్నది. రెండవవారు పాతూరి నాగభూషణము. గుంటూరు మండలమందలి పెదపాలెమున 1907లో జన్మించి, సొంత ఊరిలో సేవాశ్రమము పెట్టి, మండలమునుండి కేంద్రమునకు ఎదిగిన కార్యకర్త.

పాతూరి 1935లో చేసిన పని ఈ చరిత్రలో వేరుగ నిలిచియున్నది. పెదవడ్లపూడికిని కొల్లూరునకును నడుమ కాలువపై ఒక పడవ గ్రంథాలయమును నడపెను. పడవలో పుస్తకములు, పత్రికలు. పడవ రేవున ఆగును. గట్టుమీది పల్లెలవారు వచ్చి చదివిన పుస్తకమిచ్చి క్రొత్తది పుచ్చుకొందురు. అంతకు నాలుగేండ్ల ముందు, 1931లో, తంజావూరు జిల్లా మన్నార్‌గుడిలో ఎద్దుబండిపై గ్రంథాలయము ఆరంభమయ్యెను. బండియైనను, పడవయైనను సూత్రమొక్కటే: చదువరి రాలేనిచోటికి పుస్తకము పోవలెను.

పడవను మెచ్చుకొనువారు దాని హద్దును కూడ గుర్తింపవలెను. పడవ కాలువ ఉన్నంతమేరయే పోవును. డెల్టా పల్లెకు అది వాకిటికి వచ్చిన సరస్వతి. మెట్టపల్లెకు అది వినికిడి మాత్రమే. నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచినది 1967లో. అంతవరకు ఈ మెట్టసీమకు చెరువు, బావి, ఆకాశము దిక్కు. కనుక డెల్టాకు తగిన సాధనమును మెట్టకు అంటగట్టలేము. మెట్టన బండి నడచును, అదియు వేసవిలో. వానలు కురిసినప్పుడు నల్లరేగడి బండిని మ్రింగివేయును. ఇక్కడివారికి నాలుగు నెలలకు సరిపడు పుస్తకములు ఒక్కమారే పెట్టెతో పంపుట, అనగా బరోడా పద్ధతి, తగియుండెడిది. ఒకే మండలమున రెండు నేలలకు రెండు మార్గములు కావలసివచ్చుట చూడగా, మండల సంఘమునకు క్రింద తాలూకా సంఘము కూడ ఏల కావలెనో బోధపడును.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కథ మరియొక మలుపు తిరిగెను. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ పరిశ్రమ ఫలితముగ మద్రాసు ప్రభుత్వము 1948లో ప్రజా గ్రంథాలయముల చట్టము చేసెను. స్వతంత్ర భారతమున అట్టి చట్టములలో అదియే మొదటిది. ప్రతి జిల్లాకు ఒక గ్రంథాలయ ప్రాధికార సంస్థ. ఇంటిపన్ను రూపాయికి ఆరు పైల చొప్పున, అనగా అర్ధణా, గ్రంథాలయ పన్ను. హైదరాబాదు రాజ్యమున 1955లో వేరొక చట్టము వచ్చెను. రెండింటికి బదులు ఆంధ్రప్రదేశమునకంతటికి 1960లో ఒకే చట్టమై, జిల్లా గ్రంథాలయ సంస్థలు నెలకొనెను.

ఈ చట్టములకై సంఘము ఏండ్లతరబడి కోరినది, పోరాడినది. కోరినది దొరకెను. జీతగాడైన గ్రంథపాలకుడు వచ్చెను, శాఖా గ్రంథాలయము వచ్చెను, ఒక్క మనిషి చనిపోయినంతనే తలుపు మూతపడు గతి తప్పెను. ఇది చిన్న లాభము కాదు. చందాలపై, పెండ్లి కానుకలపై, కల్లములోని కుంచెడు గింజలపై ఎల్లకాలము గ్రంథాలయములు నడచుననుట భ్రమ. కాని లెక్క వ్రాయునప్పుడు జమతోపాటు ఖర్చును వ్రాయవలెను. పన్ను కట్టినవానికి సభ్యుడనను తలపు కలుగదు. ఏడాదికి రూపాయి చందా ఇచ్చినవాడు ఆ రూపాయి ఏమైనదని సర్వసభ్యసమావేశమున నిలదీయును. ఇంటిపన్నులో కలిసిపోయిన అర్ధణాను గూర్చి అడుగువాడు లేడు. అది పంచాయతీలో వసూలై జిల్లా సంస్థకు చేరెనా లేదాయని అడుగువాడు అంతకన్న లేడు. పంచాయతీలు, పురపాలకసంఘములు వసూలు చేసిన పన్నును జిల్లా సంస్థలకు జమకట్టక బకాయి పెట్టుచున్నవను ఫిర్యాదు నేటికిని వినబడుచునేయున్నది. అడుగు అలవాటున్న చందాదారులు ప్రతి ఊర నుండియున్నచో ఆ బకాయి అంత పెరిగెడిదా?

సంఘమునకు కలిగిన నష్టము ఇట్టిదే. జిల్లా సంస్థ అను సర్కారు అంగము ఏర్పడగానే, మండల సంఘమను స్వచ్ఛందాంగము ఇక ఏలయని పలువురు తలచిరి. రెండును ఒకటి కావు. జిల్లా సంస్థ గ్రంథాలయమును నడపును; మండల సంఘము గ్రంథాలయమును అడుగు ప్రజను నిలుపును. సర్కారు శాఖ లేని ఊళ్ళలో ప్రజలు తాము నడపుకొను గ్రంథాలయములకు చట్టమున సహాయ ద్రవ్యము పొందు వీలున్నను, ఆ దరఖాస్తు ఎట్లు పెట్టవలెనో చెప్పు పొరుగు మనిషి లేనప్పుడు ఆ వీలు కాగితముపైననే యుండును. ఈ లోపమును పాతూరివారు గుర్తించిరనుటకు ఆయన తరువాతి పని సాక్ష్యము. గాడిచర్లవారి పేర విజయవాడలో సర్వోత్తమ భవనము వెలయుటకు, 'గ్రంథాలయ సర్వస్వము' మరల నడచుటకు, గ్రంథాలయ సేవకులకు శిక్షణ తరగతులు జరుగుటకు ఆయన కృషి కారణము. ఆ శిక్షణ వలన సంఘము ఊళ్ళ సంఘముగనే కాక వృత్తివారి సంఘముగ కూడ రూపొందెను. అయ్యంకికి 1972లో పద్మశ్రీ లభించెను; 1979లో ఆయన, 1987లో పాతూరి అస్తమించిరి.

2014 ఏప్రిలు 10న సంఘమునకు నూరేండ్లు నిండెను. రెండు నెలలైన గడవకముందే, జూను 2న, రాష్ట్రము రెండుగ చీలెను. ఆంధ్రదేశమంతటికి ఒక్కటిగ పుట్టిన సంస్థ పనిచేయవలసిన నేల రెండు రాజ్యములయ్యెను. మార్టూరు విషయము తీసికొన్నచో మార్పులు మరియు ఎక్కువ. 1970వరకు గుంటూరు జిల్లా. ఆ ఏట ఒంగోలు జిల్లా ఏర్పడగా అందులో చేరెను. 1972లో ఆ జిల్లాకే ప్రకాశము పంతులుగారి పేరు వచ్చెను. 2022లో బాపట్ల జిల్లా. ఊరు కదలలేదు, జాబుపై వ్రాయవలసిన చిరునామా మాత్రము మూడుమారులు మారినది. వేటపాలెము కూడ ఇప్పుడు ఆ బాపట్ల జిల్లాలోనే యున్నది.